అదర్శనం, అభావం: క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో సదుపాయాల గోపనంపై ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తన వినియోగదారుకు అందని సదుపాయాలను తెరమీద చూపాలా, దాచాలా అన్నది పైకి రూపకల్పనకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. దానిలో ఒక నైతిక సమస్య ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తర్కశాస్త్రంలోని అభావ విభాగం, మీమాంసకుల అనుపలబ్ధి, వ్యాకరణంలోని లోప సంజ్ఞ ఆధారంగా ఆ సమస్యను పరిశీలించి, ఎప్పుడు దాచవచ్చు, ఎప్పుడు దాచరాదు అన్న విషయంలో ఒక నిర్ణయ సూత్రాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: క్లౌడ్ సాఫ్ట్‌వేర్, గోపనం, అభావం, అనుపలబ్ధి, లోపం, పంక్తిభేదం.

1. ప్రస్తావన

నేడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చాలావరకు క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. వ్యాసం రాసే పత్రం, ఉత్తరప్రత్యుత్తరాలు, సమావేశాలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు, సిద్ధాంత గ్రంథం చిత్తుప్రతులు అన్నీ ఎక్కడో ఉన్న సర్వర్లలో నిలువ ఉంటున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ అందరికీ ఒకేలా కనిపించదు. ఉచిత ఖాతాకు ఒక తెర, చందా కట్టిన ఖాతాకు మరొక తెర, సంస్థ ఇచ్చిన ఖాతాకు ఇంకొక తెర. అధ్యాపకుడికి కనిపించే మీట విద్యార్థికి కనిపించకపోవచ్చు. ఒక దేశంలో ఉన్నది మరొక దేశంలో లేకపోవచ్చు.

అందని సదుపాయాన్ని ఏం చేయాలన్న విషయంలో రూపకర్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ క్షణంలో పనిచేయని మెనూ అంశాలను తొలగించకుండా మసకబార్చి ఉంచమని ఆపిల్ సంస్థ మార్గదర్శకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. జోయెల్ స్పోల్‌స్కీ 2008లో రాసిన ఒక చిన్న వ్యాసంలో దాచడమూ వద్దు, మసకబార్చడమూ వద్దు, నొక్కనిచ్చి ఎందుకు పనిచేయదో చెప్పండి అని వాదించాడు. చూపితే తెర కిక్కిరిసిపోతుంది కనుక దాచడమే మేలని చెప్పేవారూ ఉన్నారు. ఈ చర్చ ఎక్కువగా సౌకర్యం చుట్టూ తిరిగింది. వినియోగదారు ఏమి తెలుసుకోగలడు, ఏమి అడగగలడు అన్న దిశగా దాన్ని మళ్లించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. లేకపోవడం, ఇవ్వకపోవడం

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ డిస్కులో వచ్చేది. చౌక రకం ప్రతిలో ఒక సదుపాయం లేదంటే చాలా సందర్భాల్లో ఆ డిస్కులో అది నిజంగానే లేదు. క్లౌడ్‌లో పరిస్థితి వేరు. వేలాది సంస్థలు, లక్షలాది వ్యక్తులు సాధారణంగా ఒకే వ్యవస్థను పంచుకుంటారు. సదుపాయం సర్వర్‌లో తయారై, నడుస్తూనే ఉంటుంది. ఒక వినియోగదారు లోపలికి వచ్చినప్పుడు అతని చందా ఏది, పాత్ర ఏది, దేశం ఏది, భాష ఏది అని వ్యవస్థ పరిశీలించి, ఒక్కొక్క సదుపాయానికి అవునో కాదో తేలుస్తుంది. వృత్తిలో ఉన్నవారు ఈ మీటలను ఫీచర్ ఫ్లాగులంటారు. కాబట్టి క్లౌడ్‌లో ‘లేదు’ అన్న మాటకు చాలా సందర్భాల్లో ‘ఇవ్వలేదు’ అని అర్థం.

ఈ భేదాన్ని తేల్చుకోవడానికి మన తర్కశాస్త్రం తోడ్పడుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అభావాన్ని ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం అని నాలుగు విధాలుగా చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌కు అన్వయిస్తే, ఇంకా తయారు కాని సదుపాయానిది ప్రాగభావం. నిర్వాహక సంస్థ ఉపసంహరించిన దానిది ప్రధ్వంసాభావం. 2013లో గూగుల్ మూసివేసిన రీడర్ ఇందుకు ఉదాహరణ. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నడూ లేనిది అత్యంతాభావం. లెక్కల పట్టికను రాత పత్రంగా భ్రమించి వెతికేవాడికి ఎదురయ్యేది అన్యోన్యాభావం. ఈ నాలుగింటిలోనూ లేనిదాన్ని తెరమీద చూపవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

తయారై, నడుస్తూ, పక్కవారికి అందుతూ, మనకు మాత్రం అందని సదుపాయం ఈ నాలుగింటిలో దేనికీ సరిగా ఒదగదు. ఇక్కడ లేనిది వస్తువుకూ మనకూ మధ్య సంబంధం మాత్రమేనని తార్కికుడు అనవచ్చు. ఆ మాట ఒప్పుకున్నా, ఆ సంబంధం తనంతట తాను లేకుండా పోలేదు. ఎవరో దాన్ని ఆపారు. ఆపినవారు ఉన్నారు కనుకనే ఇది నైతిక ప్రశ్న అవుతుంది.

ఈ స్థితికి తగిన పేరు తర్కంలో కన్నా వ్యాకరణంలో దొరుకుతుంది. పాణిని లోపాన్ని నిర్వచించినప్పుడు లేకపోవడం అనలేదు, కనబడకపోవడం అన్నాడు. పైగా, ప్రత్యయం లోపించినా దాన్ని నిమిత్తంగా చేసుకొని జరగవలసిన కార్యం జరుగుతుందని మరొక సూత్రంలో చెప్పాడు. తెలుగు వాడుకలో లోపం అనే మాట కొరత, తప్పు అన్న అర్థాలకు మళ్లింది. దాచిన సదుపాయం విషయంలో ఈ అర్థాలన్నీ ఒకచోట చేరతాయి. అక్కడ జరిగింది అదర్శనం. చూసేవాడికి అది సాఫ్ట్‌వేర్‌లోని కొరతగానో, తన తెలివిలోని తప్పుగానో తోస్తుంది.

3. వెలుతురున్న గది

కనబడకపోవడం నుంచి లేదన్న జ్ఞానం ఎలా కలుగుతుంది? భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు దాన్ని ప్రత్యక్షానికి సహకారిగా మాత్రమే ఒప్పుకున్నారు. ఈ భేదం ఎలా ఉన్నా, యోగ్యత అన్న నియమం ఇరుపక్షాల చర్చలోనూ ముఖ్యమైనది. ఉండి ఉంటే కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదని నిశ్చయించవచ్చు. దీపం వెలుగుతున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనబడకపోతే అనలేం.

మెనూ అనేది స్వభావరీత్యా వెలుతురున్న గది. ‘ఇక్కడ చేయగల పనులు ఇవి’ అని అది ప్రకటిస్తుంది. దాన్ని పైనుంచి కిందికి చూసిన వినియోగదారు తాను వెతికినది కనబడకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో అది లేదని నిశ్చయించుకుంటాడు. ఆ నిశ్చయంలో అతని తప్పు లేదు. యోగ్యతా నియమాన్ని అతడు సక్రమంగానే పాటించాడు. దాచిన మెనూ ఆ నియమాన్ని లోపలినుంచి భంగపరుస్తుంది. గది వెలుతురుగానే ఉంటుంది, కుండ మీద మాత్రం చీకటి కప్పి ఉంటుంది.

ఇది అసత్యమా? దాచిన మెనూలో ప్రతి అంశమూ నిజమే. మొత్తం మీద కలిగే జ్ఞానం మాత్రం తప్పు. ద్రోణపర్వంలో ధర్మరాజు పలికిన మాటలో పదాలన్నీ నిజమే. వినబడవలసినవాడికి ఒక పదం వినబడకుండా పోయింది. దాని ఫలితాన్ని ద్రోణుడు అనుభవించాడు. సంప్రదాయం ఆ మాటను సత్యం ఖాతాలో వేయలేదు. నేల తాకకుండా సాగే అతని రథం నేలకు దిగిందని చెప్పింది. ఎదుటివాడి అనుమానాన్ని ముందే లెక్కగట్టి, అది తప్పేలా మౌనాన్ని అమర్చడం ఆ కథలోని దోషం. మెనూలో ఒక అంశం కనబడకపోవడం అంత ఘోరమని అనడం లేదు. దోషం జాతి ఒక్కటే, పరిమాణం వేరు.

4. గోపన పక్షం

దాచడాన్ని సమర్థించే వాదాలు మూడున్నాయి. మూడూ ఆలోచించదగినవే.

మొదటిది సమయానికి సంబంధించినది. వందలాది సదుపాయాలున్న సాఫ్ట్‌వేర్‌లో అందనివన్నీ చూపితే అందేవి వెతుక్కోవలసి వస్తుంది. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో పాఠకుడి సమయాన్ని కాపాడమన్నది ఒకటి. అయితే అదే గ్రంథాలయ సంప్రదాయంలో ఎవరో ఎరువు తీసుకుపోయిన పుస్తకం పత్రాన్ని సూచికలోంచి తీసివేయరు. అర ఖాళీగా ఉంటుంది, సూచిక నిండుగా ఉంటుంది. సమయాన్ని కాపాడే పని అరల అమరికది. ఉనికిని చెప్పే పని సూచికది.

రెండవది మర్యాదకు సంబంధించినది, మూడింటిలో బలమైనది. అందని దాన్ని పదేపదే కళ్ల ముందు పెట్టడం అవమానం కాదా? ఒకే బంతిలో కూర్చున్నవారికి వేరువేరుగా వడ్డించడాన్ని మన సమాజం పంక్తిభేదమని దోషంగా ఎంచింది. మన విస్తరి దాటించి పక్క విస్తరిలో నెయ్యి వేయడం కన్నా, ఆ నెయ్యి మన కంటపడకుండా చూడడమే దయ అని గోపనవాది అంటాడు. కానీ ఈ ఉపమానాన్ని చివరిదాకా నడిపించాలి. పంక్తిభేదం దోషమన్న ఆ సమాజమే కులాన్ని బట్టి బంతులనే విడదీసి, వేరే చోట వేరే వేళ భోజనాలు పెట్టింది. బంతి వేరైనప్పుడు భేదం కనబడలేదు. కనబడని భేదాన్ని ఎవరూ దోషమనలేదు. భేదాన్ని దాచడం భేదాన్ని తగ్గించదు. దాని గురించి మాట్లాడే సందర్భాన్ని మాత్రం తగ్గిస్తుంది.

మూడవది రక్షణకు సంబంధించినది. జాలపుటలు అందించే హెచ్‌టీటీపీ నియమావళిలో అనుమతి లేదని చెప్పడానికి 403, దొరకలేదని చెప్పడానికి 404 అన్న సంకేతాలున్నాయి. నిషేధించిన వనరు ఉన్నదన్న సంగతే బయటపడకూడదనుకుంటే 403కు బదులు 404 ఇవ్వవచ్చని ఆ నియమావళి స్పష్టంగా అనుమతిస్తుంది. గిట్‌హబ్ వంటి వ్యవస్థలో ఇతరుల రహస్య భాండారం చిరునామాకు వెళ్తే కనిపించేది 404 మాత్రమే. ఇది న్యాయమైన గోపనం. ఒక వైద్యశాల వ్యవస్థలో ‘ఈ వ్యక్తి మానసిక చికిత్స పత్రం చూడడానికి మీకు అనుమతి లేదు’ అన్న వాక్యమే చెప్పకూడని సంగతిని చెప్పేస్తుంది. అయితే ఇక్కడ దాచింది మూడో వ్యక్తికి చెందిన సమాచారాన్ని. పత్రాలు చూసే సదుపాయం ఆ వ్యవస్థలో ఉందన్న సంగతిని దాచవలసిన పని లేదు. ఈ రెండింటినీ కలిపి, రక్షణ పేరుతో సదుపాయాలన్నిటినీ దాచడం హేతువు పరిధిని మించి పోవడమే.

5. ప్రదర్శన పక్షంలోని దోషాలు

చూపితే చాలునా? చాలదు. చూపడంలోనూ మూడు దోషాలు కనిపిస్తాయి.

మొదటిది ఎర. ఉచిత ఖాతాలో ప్రతి మెనూలో తాళం గుర్తు, దాన్ని నొక్కితే ధరల పట్టిక. ఇక్కడ ప్రదర్శన లక్ష్యం అమ్మకం. వినియోగదారుకు తెలియవలసింది ‘ఇది ఉంది, ఫలానా కారణంగా మీకు లేదు’ అన్న ఒక్క మాట. ఆ మాట ఒకసారి చెప్పడం సమాచారం. పనికి అడ్డుపడుతూ రోజుకు పదిసార్లు చెప్పడం వేధింపు.

రెండవది నిర్హేతుకత. మసకబారిన మీట ఉన్నదని చెబుతుంది, ఎందుకు పనిచేయదో చెప్పదు. ఏదైనా ఎంచుకోనందువల్లా? చందా చాలకపోవడం వల్లా? నిర్వాహకుడు ఆపినందువల్లా? మొదటిదైతే వినియోగదారే సరిచేసుకోగలడు, రెండవదైతే డబ్బు కావాలి, మూడవదైతే ఒక మనిషిని అడగాలి. ఈ మూడింటికీ ఒకే మసక రంగు వాడితే చూపినా చెప్పనట్టే.

మూడవది అసమాన ప్రదర్శన. హెచ్‌టీఎంఎల్‌లో మామూలు పద్ధతిలో నిష్క్రియం చేసిన మీట మీదికి కీబోర్డు ట్యాబ్ వెళ్లదు. తెరను చదివి వినిపించే సాధనంతో, ట్యాబ్ మీటతో పనిచేసే అంధ పరిశోధకుడు ఆ మీటను దాటిపోతాడు. అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య ఉండవలసిన కనీస తేడాను నిర్దేశించే అంతర్జాతీయ సుగమ్యతా ప్రమాణాలు సైతం నిష్క్రియ మీటలను ఆ నియమం నుంచి మినహాయించాయి. కాబట్టి ఒకరికి చూపినది ఇంకొకరికి దాచినదే అవుతుంది. చూపామన్న మాటకు ముందు ఎవరికి అన్న ప్రశ్న వేసుకోవాలి.

6. భాషే షరతైనప్పుడు

తెలుగు శాఖలకు ఈ చర్చ దూరమైనదేమీ కాదు. సదుపాయం అందకపోవడానికి గల కారణాల్లో భాష ఒకటి. జీమెయిల్‌లో వాక్యాన్ని పూరించి సూచించే సదుపాయం 2018లో మొదట ఇంగ్లీషుకే వచ్చింది; తర్వాత స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీసు భాషలకు విస్తరించింది. ఆ దశలో తెలుగులో ఉత్తరం రాస్తున్నవారికి సూచన రాకపోవడం అన్నదొక్కటే అనుభవం. ఇంగ్లీషులో ఎన్నడూ ఉత్తరం రాయనివారికి అటువంటి సదుపాయం ఒకటి ఉన్నదన్న ఊహ కలగడానికే ఆధారం లేదు. తన భాషకు ఏమి అందడం లేదో తెలియని సమాజం దాన్ని కోరలేదు.

అందుబాటులో ఉన్నదే కనబడకపోతే ఏమవుతుందో మరొక ఉదాహరణ చెబుతుంది. 2015లో గూగుల్ తన డ్రైవ్‌లో 200కు పైగా భాషలకు అక్షర గుర్తింపును అందిస్తున్నట్టు ప్రకటించింది. తెలుగు వాటిలో ఉంది. పుట బొమ్మను డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద పాఠం వస్తుంది. కానీ ఆ పనికి అక్షర గుర్తింపు అన్న పేరుతో అక్కడ మెనూ అంశం లేదు. ‘దీనితో తెరవండి’ అన్న సాధారణ ఆదేశం చాటున అది ఉంటుంది. దాని సంగతి తెలియనివారికి పాత పత్రిక పుటలను చేత్తో టైపు చేయడం ఒక్కటే మార్గంగా తోస్తుంది. ఇవ్వడమూ చూపడమూ వేరువేరు క్రియలని, రెండవది లేనప్పుడు మొదటిది ఫలించదని ఇది తెలియజేస్తుంది.

దీనికి భిన్నమైన ఆచరణ 2008లో ఏర్పడిన హాతీట్రస్ట్ డిజిటల్ గ్రంథాలయంలో ఉంది. 1962 నుంచి పీఎల్-480 పథకం కింద భారతీయ భాషల పుస్తకాలు అనేక అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు చేరాయి. అటువంటి గ్రంథాలయాల సేకరణలే హాతీట్రస్ట్‌కు ఆధారం. కాపీహక్కు కారణంగా పూర్తి పాఠం ఇవ్వలేని పుస్తకానికీ అక్కడ సూచిక పత్రం ఉంటుంది. ‘శోధనకు మాత్రమే పరిమితం’ అన్న గుర్తు ఉంటుంది. కొన్ని పుస్తకాలు అమెరికాలో ఉన్నవారికి తెరుచుకొని, హైదరాబాదులో ఉన్నవారికి తెరుచుకోవు. ఆ షరతు న్యాయమైనదా అన్నది వేరే చర్చ. పుస్తకం ఉనికిని దాచకపోవడం వల్ల పరిశోధకుడు మరొక ప్రతి కోసం వెతకగలడు, అక్కడి మిత్రుణ్ణి అడగగలడు, షరతునే ప్రశ్నించగలడు. ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అన్న సామెతకు ఒక పూర్వవాక్యం ఉంది: ఉన్నదని తెలియనిదే ఎవరూ అడగరు.

7. నిర్ణయ సూత్రం

పై చర్చనుంచి ఒక సదుపాయాన్ని దాచే ముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు తేలుతాయి.

మొదటి ప్రశ్న: అందకపోవడం వస్తుస్వభావమా, ఒకరి నిర్ణయమా? నిర్ణయమైతే అది ఎవరిదో వినియోగదారుకు తెలియాలి. ఈ ఆదర్శం సాంకేతిక రంగానికి కొత్తది కాదు. 2016లో ప్రామాణికమైన 451 అన్న సంకేతం రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ను గుర్తుచేస్తుంది. చట్టపరమైన కారణంతో పుటను ఇవ్వలేనప్పుడు ఈ సంకేతం ఇచ్చి, ఎవరు కోరారో, ఏ చట్టం కింద కోరారో తెలపమని అది సూచిస్తుంది. ప్రభుత్వ నిషేధానికే కారణం చెప్పడం సాధ్యమైనప్పుడు, చందా తేడాకో నిర్వాహకుడి ఎంపికకో కారణం చెప్పడం అసాధ్యం కాదు.

రెండవ ప్రశ్న: ఆ సదుపాయం వినియోగదారు మీద పనిచేస్తుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. సంస్థాగత ఖాతాల కోసం గూగుల్ అందించే వాల్ట్ అనే సాధనంతో నిర్వాహకులు ఖాతాదారుల ఉత్తరాలను నిర్ణీత కాలం నిలిపి ఉంచవచ్చు, వెతకవచ్చు. ఖాతాదారు తన పెట్టెలోంచి తొలగించిన ఉత్తరమూ ఆ నియమం కింద నిలిచి ఉండవచ్చు. మామూలు ఖాతాదారు తెరమీద ఆ సాధనం ఉండదు. అతనికి కనిపించేది తొలగింపు మీట మాత్రమే. పాణిని సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ప్రత్యయం కనబడదు, దాని కార్యం జరుగుతుంది. చట్టపరమైన అవసరాలకు ఇటువంటి సాధనం ఉండవచ్చు. దాన్ని ఖాతాదారు వాడనక్కర లేదు. కానీ తన ఉత్తరాల మీద అది పనిచేస్తున్నదని తొలగింపు మీట పక్కనే తెలియాలి. తనకు అందని సదుపాయమే తన మీద అధికారం చెలాయిస్తున్నప్పుడు దాన్ని దాచడానికి సౌకర్యం, మర్యాద వంటి హేతువులేవీ నిలవవు.

మూడవ ప్రశ్న: ఉనికి వెల్లడైతే మూడో వ్యక్తికి హాని కలుగుతుందా? కలిగితే ఆ హాని కలిగించే అంశాన్ని, అంతమేరకే దాచాలి.

ఈ మూడు ప్రశ్నల తర్వాత మిగిలేది తెర కిక్కిరిసిపోతుందన్న ఆక్షేపం. దానికి సమాధానం దాచే అధికారాన్ని వినియోగదారుకే ఇవ్వడం. అందనివాటిని ఒక ప్రత్యేక పట్టికలో ఉంచి, ఒక్కొక్కదానికీ కారణం, నిర్ణయించినవారు, అడిగే దారి తెలిపి, ఆ పట్టికను మూసుకునే స్వేచ్ఛ అతనికి ఇవ్వవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో అనుమతి లేని పత్రం లంకెను తెరిస్తే అనుమతి కోరే మీట కనిపిస్తుంది. పత్రాల విషయంలో పాటిస్తున్న ఈ మర్యాదను సదుపాయాలకు విస్తరించడం సాధ్యమే. తెలిసి పక్కన పెట్టడం వినియోగదారు వివేకం. తెలియకుండా తప్పించడం అతని వివేకాన్ని మరొకరు తీసుకోవడం.

8. ఉపసంహారం

సదుపాయాలన్నీ అందరికీ ఇవ్వాలని ఈ వ్యాసం వాదించలేదు. చందాల తేడా, పాత్రల తేడా, కాపీహక్కుల పరిమితి ఉండవచ్చు. ఆ తేడాలు న్యాయమైనవో కావో తేల్చుకోవడానికి ముందు అవి ఉన్నాయని తెలియాలి. దాచిన మెనూ ఆ తొలి మెట్టునే తీసివేస్తుంది. క్లౌడ్‌లో కనబడనిది చాలావరకు లేనిది కాదు, ఇవ్వనిది. ఇవ్వనిదాన్ని లేనిదిగా చూపడం అదర్శనాన్ని అభావంగా నమ్మించడమే.

విశ్వవిద్యాలయాలు ఈ సాఫ్ట్‌వేర్‌ను సంస్థాగతంగా స్వీకరిస్తున్నప్పుడు ఒక ఆచరణాత్మక బాధ్యత వాటి మీద పడుతుంది. ఖాతాలో ఏయే సదుపాయాలను ఆపారు, ఎందుకు ఆపారు, ఖాతాదారు మీద పనిచేసే సాధనాలేవి అన్న పట్టికను పరిశోధకులకు, విద్యార్థులకు వారి భాషలో అందించడం కష్టమైన పని కాదు. తయారీ సంస్థల తెరలు మారే దాకా ఎదురుచూడకుండా, మన శాఖలే తమ నిర్వాహకులను ఆ పట్టిక అడగవచ్చు.